మూడో మూలం ఎక్కడ దాక్కుంది? గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌తో క్లాసు లెక్కలు చేసే పద్ధతి

2^ఎక్స్ = ఎక్స్². ఈ సమీకరణాన్ని ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్ల ముందు పెడితే కలం పట్టకుండానే 2, 4 అని చెప్పేస్తారు. అమెరికా హైస్కూల్లో చదివే పిల్లవాడి ముందు పెడితే కాలిక్యులేటర్‌లో రెండు గ్రాఫులు గీసి 2, -0.767 అంటాడు. ఇద్దరూ చెప్పినవి సరైనవే, కానీ ఇద్దరికీ ఒక్కో మూలం తప్పిపోయింది. మొదటివాళ్లకి -0.767 తట్టదు, ఎందుకంటే అది చేతి లెక్కతో రాదు. రెండోవాడికి 4 కనబడదు, ఎందుకంటే అక్కడ గ్రాఫు ఎత్తు 16. అతని తెర 10 దగ్గరే ఆగిపోయింది.

గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వాడకంలో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. యంత్రం లెక్క తప్పదు. ఏ ప్రాంతంలో వెతకమన్నామో అక్కడ వెతికి, దొరికింది చెబుతుంది. ఎక్కడ వెతకాలో చెప్పడం వాడేవాళ్ల పని.

మన దగ్గర ఈ యంత్రంతో పరిచయం తక్కువ. జేఈఈకి, ఈఏపీసెట్‌కి కాలిక్యులేటర్ అనుమతి లేదు. అమెరికాలో కథ వేరు. మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను కాసియో 1985లో తెచ్చింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1990లో టిఐ-81తో అడుగుపెట్టి, 2004లో టిఐ-84 ప్లస్, 2015లో రంగుల తెరతో టిఐ-84 ప్లస్ సిఈ తెచ్చింది. అమెరికా హైస్కూళ్లలో కాలేజీ స్థాయి గణితానికి పెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్షలో 1995 నుంచి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి అయింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ముఖ్య కార్యాలయం ఉన్న డాలస్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో లాగరిథమ్ పట్టికలతో చదువుకున్న తల్లిదండ్రులకి, పిల్లల చేతిలోని యంత్రం ఏం చేస్తోందో తెలిస్తే హోంవర్క్ దగ్గర కూర్చోవడం తేలికవుతుంది. కింద చెప్పిన బటన్లన్నీ టిఐ-84 ప్లస్ కుటుంబానివి.

మొదటి లెక్కనే పూర్తిగా చేసి చూద్దాం

వై= బటన్ నొక్కి వై1లో 2^ఎక్స్, వై2లో ఎక్స్² ఎక్కించాలి. కొత్త మోడళ్లలో ఘాతం గుర్తు నొక్కగానే కర్సర్ పైకి, ఘాతంలోకి వెళుతుంది. అక్కడి నుంచి కుడి బాణం నొక్కి కిందికి దిగకపోతే తర్వాత టైపు చేసిందంతా ఘాతంలోకే చేరుతుంది. 2^ఎక్స్ - ఎక్స్² అని రాశామనుకుంటాం, యంత్రం 2 పైన (ఎక్స్ - ఎక్స్²) అని చదువుకుంటుంది. గ్రాఫ్ వింతగా వస్తే మొదట చూడాల్సింది ఇదే.

జూమ్ 6 నొక్కితే ప్రామాణిక విండో వస్తుంది. అడ్డంగా -10 నుంచి 10, నిలువుగా -10 నుంచి 10. ఇందులో ఖండన బిందువులు రెండే కనిపిస్తాయి. విండో బటన్ నొక్కి ఎక్స్ మిన్ -2, ఎక్స్ మ్యాక్స్ 5, వై మిన్ -5, వై మ్యాక్స్ 20 అని మారిస్తే మూడోది కూడా తెర మీదికి వస్తుంది. కానీ కొత్త చిక్కు మొదలవుతుంది. 2కీ 4కీ మధ్య రెండు వక్రాలూ అతుక్కుపోయినట్టు ఉంటాయి. ఎక్స్ 3 దగ్గర ఒకటి 8, రెండోది 9. పాత టిఐ-84 ప్లస్ తెర 96 పిక్సెళ్ల వెడల్పు, 64 పిక్సెళ్ల ఎత్తు. నిలువునా 25 యూనిట్లను అందులో ఇరికిస్తే ఒక యూనిట్ తేడాకి దక్కేది రెండున్నర పిక్సెళ్లు. గీతలు ఎక్కడ ఒకదాన్నొకటి దాటాయో కంటికి ఆనదు.

అందుకే తేడాను గీయడం మంచి పద్ధతి. వై3 = వై1 - వై2 అని పెట్టి, వై1, వై2 వరసల్లోని సమాన గుర్తు మీదికి కర్సర్ తీసుకెళ్లి ఎంటర్ నొక్కితే వాటి గ్రాఫులు ఆగిపోతాయి, సూత్రాలు మాత్రం ఉంటాయి. ఇక్కడొక జాగ్రత్త. వై1 అనేదాన్ని ఆల్ఫా బటన్‌తో వై అక్షరం, పక్కన 1 అని టైపు చేయకూడదు. అలా చేస్తే యంత్రం దాన్ని వై అనే చలరాశి ఇంటూ 1 అనుకుంటుంది. తప్పు సందేశం ఏదీ రాదు, అర్థం లేని గీత వస్తుంది. వార్స్ బటన్ నొక్కి, వై-వార్స్‌లోకి వెళ్లి, ఫంక్షన్ కింద వై1 ఎంచుకోవాలి. కొత్త మోడళ్లలో ఆల్ఫా, ట్రేస్ నొక్కినా ఆ జాబితా వస్తుంది.

ఇప్పుడు వై మిన్ -2, వై మ్యాక్స్ 2 చాలు. గీత ఎక్స్ అక్షాన్ని మూడు చోట్ల దాటడం స్పష్టంగా కనబడుతుంది. సెకండ్, ట్రేస్ నొక్కి క్యాల్క్ మెనూలో 2వది, జీరో, ఎంచుకుంటే ఎడమ హద్దు, కుడి హద్దు, ఊహ అని మూడు అడుగుతుంది. బాణాలతో కర్సర్‌ను జరుపుతూ కూర్చోనక్కరలేదు. -1 అని టైపు చేసి ఎంటర్, 0 అని టైపు చేసి ఎంటర్, మళ్లీ ఎంటర్ కొడితే -0.7666647 వస్తుంది. హద్దుల మధ్య ఒక్క మూలమే ఉండేలా చూసుకోవాలి. వై1, వై2లతోనే ఇంటర్సెక్ట్ వాడేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఎంటర్ మూడుసార్లు గబగబా కొట్టేస్తారు. మూడో ప్రశ్న ఊహ అడిగేది. కర్సర్ కదల్చకపోతే రెండోసారి కూడా మొదటి బిందువే వస్తుంది.

మూలం దగ్గర గీత అక్షాన్ని దాటకుండా తాకి వెనక్కి మళ్లితే జీరో ఆదేశం తరచు మొరాయిస్తుంది. (ఎక్స్ - 2)² లాంటి ద్విమూలాలకి "నో సైన్ ఛేంజ్" అని సందేశం వస్తుంది. యంత్రం మూలాన్ని వెతికేది ప్రమేయం గుర్తు మారే చోటు పట్టుకుని. ఇక్కడ గుర్తు ఎక్కడా మారదు. అలాంటప్పుడు అదే మెనూలోని మినిమమ్ వాడాలి. అది 2 బదులు 1.999998 లాంటిదేదో చూపిస్తే బెదరక్కరలేదు. కచ్చితమైన విలువ 2 అవునో కాదో సమీకరణంలో వేసి చూసుకుంటే సరి.

దొరికిన మూలాన్ని కాగితం మీద -0.77 అని రాసుకుని, దాన్నే తర్వాతి మెట్టులో వాడటం చాలా మార్కులు పోగొట్టే అలవాటు. -0.77 వర్గం 0.593. అసలు విలువ వర్గం 0.588. ఏపీ కాలిక్యులస్‌లో జవాబు మూడు దశాంశ స్థానాల దాకా సరిగ్గా ఉండాలి, రెండో స్థానంలోనే తేడా వచ్చేసింది. మూలం తెర మీద ఉండగానే సెకండ్, మోడ్ నొక్కి హోమ్ తెరకి వచ్చి, ఎక్స్ బటన్, ఎస్‌టీఓ బటన్, ఆల్ఫా, మ్యాథ్ వరసగా నొక్కి ఎంటర్ కొడితే ఆ విలువ ఏ అనే గదిలో భద్రంగా ఉంటుంది. తెర మీద 10 అంకెలే చూపినా యంత్రం లోపల 14 అంకెలు దాచుకుంటుంది. గుండ్రం చేసే పని చివరి వరసలో, ఒక్కసారే.

రెండు వక్రాల మధ్య వైశాల్యం అడిగారనుకుందాం. మ్యాథ్ మెనూలో 9వది, సమాకలనం చేసేది. వై1 - వై2ను, ఏలో దాచిన మూలం నుంచి 4 దాకా, ఒకేసారి సమాకలనం చేస్తే 0.752 వస్తుంది. ఇది తప్పు. 2 దాటాక ఎక్స్² పైన ఉంటుంది కాబట్టి ఆ ముక్క రుణాత్మకంగా లెక్కలోకి వచ్చి మొదటి ముక్కను తినేసింది. ఏ నుంచి 2 దాకా 2.106, 2 నుంచి 4 దాకా తిరగేసి చేస్తే 1.354. మొత్తం 3.460. విడగొట్టకుండా తేడాకి పరమమూల్యం పెట్టి సమాకలనం చేసినా అక్కడికే వస్తుంది. కానీ విడివిడిగా చేస్తేనే ఏ వక్రం ఎక్కడ పైన ఉందో మనకి తెలిసిందని పరీక్షకుడికి తెలుస్తుంది.

ఆ కాగితం మీద ఏం రాయాలన్నది కూడా ముఖ్యమే. యంత్రంలో కొట్టిన ఆదేశాన్ని, కామాలతో సహా, అలాగే రాస్తే దాన్ని గణిత సంకేతంగా ఒప్పుకోరు. సమాకలన గుర్తు, హద్దులు, లోపలి ప్రమేయం మామూలు గణిత భాషలో రాసి, పక్కన విలువ వేయాలి. మధ్యలో బీజగణితం చేయనక్కరలేదు. ఏపీ కాలిక్యులస్‌లో కాలిక్యులేటర్‌తో నేరుగా చేయడానికి ఒప్పుకునే పనులు నాలుగు: కావలసిన విండోలో గ్రాఫ్ గీయడం, సమీకరణం సాధించడం, ఒక బిందువు దగ్గర డెరివేటివ్ విలువ, నిశ్చిత సమాకలనం విలువ. గరిష్ఠం, కనిష్ఠం ఆ నాలుగింటిలో లేవు. మ్యాక్సిమమ్ అనే ఆదేశం యంత్రంలో ఉంది కదా అని దాని జవాబు మాత్రం రాసి వదిలేస్తే నిరూపణకి ఇచ్చే మార్కులు రావు. డెరివేటివ్ సున్నా అయ్యే చోటు, దానికి అటూ ఇటూ గుర్తు మారిన తీరు రాయాల్సిందే.

ఆల్జీబ్రా క్లాసుల్లో మాత్రం ఆ ఆదేశం బాగా పనికొస్తుంది. బంతిని పైకి విసిరితే ఎత్తు, అడుగుల్లో, -16టి² + 64టి + 5 అనుకుంటే, జూమ్ 6 కొట్టినవాళ్లకి అటూ ఇటూ రెండు నిలువు గీతల్లాంటివే కనిపిస్తాయి. విండోను లెక్క లోంచే తీసుకోవాలి. కాలం రుణాత్మకం కాదు కాబట్టి ఎక్స్ మిన్ 0. సెకనుకి 64 అడుగుల వేగం, గురుత్వం దాన్ని సెకనుకి 32 చొప్పున తగ్గిస్తుంది కాబట్టి 2 సెకన్లకి శిఖరం, మరో 2 సెకన్లు దాటాక నేల. అంటే ఎక్స్ మ్యాక్స్ 5, వై మ్యాక్స్ 80 సరిపోతాయి. గరిష్ఠ ఎత్తు 69 అడుగులు, నేల తాకేది 4.077 సెకన్లకి. విండో ఎంచుకోవడానికి వేసిన ఈ నోటి లెక్కే జవాబుకి సరిచూపు కూడా అవుతుంది.

తెర మీద లేనివి, ఉన్నట్టు కనిపించేవి

గ్రాఫ్ అంటే అవిచ్ఛిన్నమైన గీత అని పుస్తకం చెబుతుంది. కాలిక్యులేటర్ చేసేది అది కాదు. పాత తెర మీద ఎక్స్ అక్షం వెంట 95 చోట్ల మాత్రమే ప్రమేయం విలువ కట్టి, ఆ చుక్కలను గీతలతో కలుపుతుంది. ప్రామాణిక విండోలో ఒక చుక్కకీ పక్క చుక్కకీ దూరం 20/94, అంటే 0.2127659574. ట్రేస్ నొక్కి బాణం జరిపినప్పుడు వికారమైన దశాంశాలు వచ్చేది ఇందుకే.

దీని ఫలితాలు క్లాసులో రోజూ కనిపిస్తాయి. (ఎక్స్² - 4)/(ఎక్స్ - 2) గ్రాఫులో ఎక్స్ 2 దగ్గర రంధ్రం ఉండాలి. ప్రామాణిక విండోలో 2 అనే విలువ మీద చుక్క పడదు, అందుకే రంధ్రం కనిపించదు, నున్నటి సరళరేఖ వస్తుంది. జూమ్ 4 కొడితే చుక్కల మధ్య దూరం పాత మోడల్లో 0.1, సిఈలో 0.05. రెండింటిలోనూ సరిగ్గా 2 దగ్గర విలువ కట్టాల్సి వస్తుంది, అక్కడ ఒక్క పిక్సెల్ ఖాళీ పడుతుంది. గీత మందంగా ఉండి అదీ కనబడకపోతే ట్రేస్‌లో 2 అని టైపు చేసి ఎంటర్ కొట్టాలి. వై పక్కన ఏమీ లేకుండా వస్తే అక్కడ ప్రమేయం నిర్వచితం కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 1/(ఎక్స్ - 1.5) లాంటి వాటికి పాత మోడళ్లు నిలువు గీత ఒకటి గీసేస్తాయి. ఒక చుక్క ఎంతో కిందా, పక్క చుక్క ఎంతో పైనా పడితే యంత్రం రెంటినీ కలిపేసింది, అంతే. అది అనంత స్పర్శరేఖ కాదు, గ్రాఫులో భాగమూ కాదు. నోటుబుక్కులో దాన్ని వక్రంలో కలిపి గీస్తే తప్పు. మోడ్‌లో కనెక్టెడ్ బదులు డాట్ పెడితే ఆ గీత మాయమవుతుంది. ఇంకోటి: సహజ లాగరిథమ్ గ్రాఫ్ కింద ఎక్కడో తెగిపోయినట్టు ఉంటుంది. దాన్ని నమ్మి వ్యాప్తి -2 నుంచి మొదలవుతుందని రాసేవాళ్లున్నారు. అది రుణ అనంతం దాకా దిగుతుంది. సున్నాకి అంత దగ్గరగా చుక్క పడలేదంతే.

డెరివేటివ్ ఆదేశం, మ్యాథ్ మెనూలో 8వది, ఇంకా లోతుగా చూడాల్సింది. అది సూత్రంతో అవకలనం చేయదు. అడిగిన బిందువుకి 0.001 కుడివైపు విలువ, 0.001 ఎడమవైపు విలువ తీసుకుని, తేడాను 0.002తో భాగిస్తుంది. ఎక్స్³కి 2 దగ్గర అడిగితే 12 రావాలి, 12.000001 వస్తుంది. ఆ చివరి 1 ఎక్కడిదో చేత్తో విస్తరిస్తే దొరుకుతుంది, అది 0.001 వర్గం. ఇంతవరకూ పరవాలేదు. ఎక్స్ పరమమూల్యానికి సున్నా దగ్గర అడగండి. కుడి విలువ 0.001, ఎడమ విలువ కూడా 0.001, తేడా సున్నా. యంత్రం 0 అంటుంది. అసలు అక్కడ డెరివేటివే లేదు. 1/ఎక్స్‌కి సున్నా దగ్గర అడిగితే ఏకంగా పది లక్షలు చూపిస్తుంది. ప్రమేయం అక్కడ నిర్వచితమే కాదు. సున్నాని యంత్రం ముట్టుకోనేలేదు కాబట్టి దానికా సంగతి తెలియదు.

అవధులకి పట్టిక బాగా పనికొస్తుంది. సెకండ్, విండోలో స్వతంత్ర చలరాశి వరసను ఆస్క్‌కి మార్చి, సెకండ్, గ్రాఫ్ కొట్టి 0.1, 0.01, 0.001 వరసగా వేయాలి. సైన్ ఎక్స్/ఎక్స్ విలువలు 0.99833, 0.99998, 1 అని వస్తాయి. చివరిది నిజంగా 1 కాదు, గడిలో చోటు చాలక గుండ్రం చేసింది. దగ్గరికి పోయేకొద్దీ మంచిదని మరీ దగ్గరికి పోతే ఎదురు తిరుగుతుంది. (1 - కాస్ ఎక్స్)/ఎక్స్² అవధి 0.5. ఎక్స్‌కి 10^-8 ఇస్తే యంత్రం 0 చూపిస్తుంది. అంత చిన్న కోణానికి కొసైన్ 14 అంకెల్లో సరిగ్గా 1 అయిపోయి, పైన తేడా మాయమైపోతుంది. వెయ్యోవంతు, పదివేలోవంతు దాకా వెళ్లి ఆగడం మేలు.

ఈ త్రికోణమితి విలువలన్నీ రేడియన్లలో. డిగ్రీల్లో ఉంచి సైన్ ఎక్స్ గ్రాఫ్ గీస్తే అక్షం మీద పరుచుకున్న గీతలా ఉంటుంది, ఎందుకంటే -10 నుంచి 10 డిగ్రీల్లో సైన్ 0.174 దాటదు. సున్నా దగ్గర దాని వాలు 1 బదులు 0.01745 వస్తే మోడ్ తప్పిందని వెంటనే పోల్చుకోవచ్చు. ఫిజిక్స్ క్లాసు నుంచి కాలిక్యులస్ క్లాసుకి అదే యంత్రం వస్తుంది, మోడ్ కూడా దానితోనే వస్తుంది.

టైపు చేయడంలో దొర్లేవి కొన్ని. తీసివేత బటన్ వేరు, రుణ గుర్తు బటన్ వేరు. రెండోది కింది వరసలో ఎంటర్ పక్కన ఉంటుంది. హోమ్ తెర మీద మొదటే తీసివేత నొక్కితే యంత్రం ముందటి జవాబు లోంచి తీసేస్తుంది. -3² అంటే -9, బ్రాకెట్ పెడితేనే 9. ఎక్స్^1/3 అని ఒకే వరసలో కొడితే ఎక్స్‌ని 3తో భాగించినట్టు. 1/2ఎక్స్‌ని టిఐ-84 సగం ఎక్స్‌గా చదువుతుంది. ఇంట్లో ఉన్న పాత టిఐ-82 అదే వరసను 1/(2ఎక్స్)గా చదువుతుంది. బ్రాకెట్ వేస్తే ఈ గొడవే ఉండదు.

గణాంకాలు, తర్వాత డెస్మోస్

గ్రాఫ్ కొట్టగానే "ఇన్‌వాలిడ్ డిమ్" అని వస్తే సమీకరణంలో తప్పు వెతక్కూడదు. పోయిన వారం గణాంకాల లెక్కకి వేసిన ప్లాట్1 ఇంకా ఆన్‌లో ఉంది, దాని జాబితా ఖాళీగా ఉంది. వై= తెర పైవరసలో ప్లాట్1 మీద కర్సర్ పెట్టి ఎంటర్ కొడితే ఆగిపోతుంది. ఇచ్చిన అంకెలకి సరిపోయే సమీకరణం వెతికే రిగ్రెషన్‌లో "డిమ్ మిస్‌మ్యాచ్" వస్తే ఎల్1, ఎల్2 జాబితాల్లో ఒక సంఖ్య ఎక్కువో తక్కువో ఉంది. రిగ్రెషన్ సమీకరణాన్ని నేరుగా వై1లో భద్రం చేయమనాలి, తెర మీద అంకెలు చూసి చేత్తో ఎక్కించకూడదు. సంవత్సరాలను 2010, 2011 అని ఉన్నవున్నట్టు ఇచ్చి ఎక్స్‌పొనెన్షియల్ రిగ్రెషన్ చేస్తే ముందుండే గుణకం ఊహకందనంత చిన్నదవుతుంది. ఏటా 20 శాతం పెరుగుదలైతే అది 10^-150 కంటే చిన్నది. ఈ యంత్రానికి 10^-99 కింద అంతా సున్నాయే. మొదటి ఏడాదిని 0గా తీసుకుంటే ఏ చిక్కూ లేదు.

సంభావ్యతలో "కనీసం" అనే మాట దగ్గర తడబడతారు. నాలుగేసి ఐచ్ఛికాలున్న 10 ప్రశ్నలకి గుడ్డిగా గుర్తులు పెడితే కనీసం 6 సరైపోయే సంభావ్యత కావాలి. సెకండ్, వార్స్‌లోని బైనామ్ సీడీఎఫ్ అనే ఆదేశం ఇచ్చిన సంఖ్య దాకా, దానితో కలిపి కూడుతుంది. కాబట్టి 1 లోంచి తీసేయాల్సింది 5 దాకా ఉన్న మొత్తం. అలా చేస్తే 0.0197 వస్తుంది. 6 వేసి తీసేస్తే 0.0035 వస్తుంది, అది కనీసం 7కి జవాబు.

ఇప్పుడు అమెరికా కాలేజీ ప్రవేశాలకి రాసే డిజిటల్ ఎస్ఏటీలో డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ పరీక్ష తెరలోనే ఉంటుంది. గణితంలో 70 నిమిషాల్లో 44 ప్రశ్నలు, అన్నింటికీ కాలిక్యులేటర్ వాడుకోవచ్చు. ఖండన బిందువు మీద నొక్కితే విలువలు వచ్చేస్తాయి, హద్దులు అడగదు. 2^ఎక్స్ = ఎక్స్² అని సమీకరణాన్నే టైపు చేస్తే మూడు నిలువు గీతలు వస్తాయి, -0.767, 2, 4 దగ్గర. నిలువు గీతలకి ఎత్తుతో పని లేదు కాబట్టి 16 దగ్గర దాక్కున్నది కూడా బయటపడుతుంది. కానీ 2 తీసేసి 1.1 పెట్టండి. మొదటి తెర మీద రెండే గీతలు, -0.955 దగ్గర ఒకటి, 1.051 దగ్గర ఒకటి. 1.1^ఎక్స్ ఎంత నెమ్మదిగా మొదలైనా ఎప్పుడో ఒకప్పుడు ఎక్స్²ని దాటక తప్పదని తెలిసిన విద్యార్థి తెరను కుడివైపుకి లాగుతూ పోతాడు. మూడో గీత 95.7 దగ్గర ఉంటుంది.